సిమెంటు కింద గండికోట

పోయిన వారం యాప్రాల్‌లో ఒక కొత్త ఇంటికి రంగులు వేస్తున్నాను. గేటు స్తంభాలకు ఎర్రరాయి అతికించారు. పై అంతస్తులో మేం వేసే రంగు చుక్కలు చుక్కలుగా ఆ రాయి మీద పడింది. ఇంటాయన చూసి, "రాయే కదా, వైరు బ్రష్షుతో ఒక పట్టు పట్టండి, పోతుంది" అన్నాడు. టర్పెంటైను కాస్త ఒంపి, బ్రష్షు పెట్టి రెండుసార్లు గీశాను. ఇనుప తీగలు రాయి మీద కీచుమనగానే పళ్ళు జివ్వుమన్నాయి, ముక్కులోకి ఆ వాసన ఎక్కింది, వెంటనే కోపం వచ్చింది. ఇంటాయన మీద కాదు, ఆయన పాపం నాకు చాయ్ కూడా తెప్పించాడు. "రాయే కదా" అన్న మాట మీద. ఆ మాట అన్నవాళ్ళను నేను ఇన్నేళ్ళలో చాలామందిని కసురుకున్నాను. ఎందుకు కసురుకున్నానో వాళ్ళెవరికీ తెలియదు. ఈసారి రాసిపెడదామని కూర్చున్నాను.

నా పేరు యాదగిరి. మల్కాజ్‌గిరిలో ఉంటాను, రంగులేసే పని. ఏడో తరగతితో బడి ఆపేశాను. అలాంటివాడికి ముప్పై ఏళ్ళు దాటాక ఒక టీచరు దొరికారు. ఆవిడ వినోదిని టీచరు. సికింద్రాబాదులో ఒక ప్రైవేటు బడిలో భూగోళశాస్త్రం చెప్పేవారు. ఊరు భీమవరం దగ్గర. "మా ఊళ్ళో మామిడికాయ పగలగొడదామన్నా రాయి దొరకదయ్యా, అంతా నల్లమట్టే" అనేవారు. అలాంటి ఊరి నుంచి ఉద్యోగానికి ఇక్కడికి వచ్చి, మల్కాజ్‌గిరిలో అద్దెకు దిగి, మొదటిరోజు డాబా ఎక్కి మౌలాలి గుట్టను చూసి వంట మర్చిపోయారట. సన్నగా, పొట్టిగా ఉండేవారు. నూలుచీర, చేతిలో ఒక సంచి, సంచిలో బైబిలు, టిఫిను డబ్బా, ఒక చిన్న సుత్తి. చర్చికి వెళ్ళినా సుత్తి వెంట ఉండేది. ఏ మూల ఏ రాయి విరిగి కనిపిస్తుందో అని.

ఆవిడకు గండికోట అంటే ప్రాణం. కడప జిల్లాలో పెన్నానది ఎర్రమల కొండలను నిలువునా కోసుకుంటూ పోయిన లోయ అది. మనవాళ్ళు వెళితే కోట చూసి, మసీదు చూసి, అంచున నిలబడి ఫోటో దిగి వస్తారు. ఈవిడ వేసవి సెలవులు రాగానే ట్రంకుపెట్టె ఖాళీ చేసుకుని వెళ్ళి, దాని నిండా రాళ్ళు పెట్టుకుని వచ్చేవారు. గోడ నుంచి ఒక్క రాయి కూడా పీకలేదని చెప్పేవారు. ఏ పొర నుంచి విరిగి పడిందో రూఢిగా తేలితేనే పెట్టెలో వేసుకునేవారు, లేకపోతే అక్కడే వదిలేసేవారు. ఒక్కో దాని మీద తెల్ల రంగుతో చిన్న అంకె రాసి, నోటుబుక్కులో ఆ అంకె ఎదురుగా అది ఏ పొరదో, ఎలా ఉంటుందో రాసుకునేవారు. అలా ఏళ్ళ తరబడి తెచ్చిన నలభై మూడు రాళ్ళను బడి ఆవరణలో, ప్రార్థన జరిగే చోటు పక్కన, మట్టిగట్టు మీద గోడలా పేర్చారు. అన్నిటికన్నా అడుగున మౌలాలి దగ్గర దొరికిన నల్లచుక్కల రాయి. గండికోట పొరలన్నీ అలాంటి రాయి మీదే కూర్చున్నాయట. దానిపైన, లోయలో ఏది కింద ఉందో అది కింద, ఏది పైన ఉందో అది పైన. గండికోట ఎప్పటికీ చూడలేని పిల్లలు ప్రార్థనకు వరసలో నిలబడి ఆ లోయను కింది నుంచి పైకి చూడాలని ఆవిడ కోరిక. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఈ కథే లేదు.

ఆ ఏడు బడికి ఇన్‌స్పెక్షన్ వస్తోందని కరస్పాండెంటు నన్ను పిలిపించాడు. బడి ఆయనదే. "యాదగిరీ, క్లాసులన్నీ సున్నం కొట్టు. తోటలో రాళ్ళు చిందరవందరగా ఉన్నాయి. తెలుపు, ఎరుపు వేసి దారి పొడుగునా లైన్‌గా పెట్టు. మిలిటరీ గేటు దగ్గరలాగ నీట్‌గా ఉండాలి" అన్నాడు. సికింద్రాబాదులో పుట్టి పెరిగినవాడికి ఇందులో వింత ఏమీ కనిపించదు. కంటోన్మెంటు రోడ్డు మీద ఏ రాయైనా ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. పెద్దాఫీసరు వస్తున్నాడంటే చెట్ల మొదళ్ళకు కూడా అదే. నేనూ చిన్నప్పటి నుంచి అదే చూశాను, రాయి ఉన్నదే సున్నం కోసం అనుకున్నాను. పైగా సొంత తెలివి ఒకటి ఉపయోగించాను. సున్నమైతే పిల్లల బట్టలకు అంటుతుందని ఎనామిల్ పెయింటు వేశాను. శని, ఆదివారాల్లో గట్టు మీది రాళ్ళన్నీ ఊడదీసి, కడిగి, ఆరబెట్టి, రెండేసి కోట్లు వేసి, తాడు పట్టి, చిన్నవి ముందు, పెద్దవి వెనక వరసగా దారి పక్కన పెట్టాను. నా జన్మలో అంత శ్రద్ధగా చేసిన పని మరొకటి లేదు.

సోమవారం పొద్దున టీచరు వచ్చారు. నేను నిచ్చెన పక్కన నిలబడి మెచ్చుకోలు కోసం చూస్తున్నాను. ఆవిడ ముందు ఖాళీ గట్టును చూశారు. తర్వాత దారి పొడుగునా వంగి ఒక్కొక్క రాయిని వేలితో తాకుతూ వచ్చారు. వేలికి తెల్లరంగు అంటింది.

"వీటిని ఎవరు తీశారు?"

"నేనే టీచరమ్మా! చిన్నయి ముంగట, పెద్దయి ఎనక. లైన్ చూడుండ్రి, జెర సుత వంకర లేదు."

"ఏది కింద, ఏది పైన?"

"అన్నీ కిందనే ఉన్నయి గదా. పడయి, ఫికర్ చేయకుండ్రి."

ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. కాసేపటికి లేచి కరస్పాండెంటు గదిలోకి వెళ్ళారు. నేను కిటికీ బయట సున్నం కొడుతున్నట్టు నటిస్తూ విన్నాను. ఆయన నవ్వుతున్నాడు. "టీచర్, రాళ్ళే కదా! ఇన్‌స్పెక్షన్ అయిపోనివ్వండి. కావాలంటే అన్నిటికీ ఎరుపే వేయిద్దాం. ఎలాగూ అవి ఎర్రరాళ్ళే కదా!"

ఆ మాట ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు మండలేదని మరింత మండుతుంది. ఆ రోజు, ఆయన చెప్పింది సబబుగానే ఉందే అనుకున్నాను. మర్నాడు ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, నేను పెట్టిన వరస పక్కనుంచే నడిచి, ఆవరణ శుభ్రంగా, క్రమశిక్షణతో ఉందని పుస్తకంలో రాసి, జీడిపప్పు తిని వెళ్ళాడు. క్రమం మొత్తం తారుమారైన చోట క్రమశిక్షణ కనిపించింది ఆ మహానుభావుడికి!

ఆయన వెళ్ళాక టీచరు నా నిచ్చెన కిందికి వచ్చి, "దిగు" అన్నారు. దిగాను.

"పాత గోడ గీకుతావు కదా. ఏం కనిపిస్తుంది?"

"కోటు కింద కోటు టీచరమ్మా. గీ గోడకే చూడుండ్రి. పైన క్రీము, దాని కింద పచ్చ, అడుగుకు నీలం సున్నం."

"అందులో ముందు వేసింది ఏది?"

"అడుగుది."

"నీకెలా తెలుసు? నువ్వు చూశావా?"

"చూసుడేంది? పైకోటు ముందుగాల వేసి కిందికోటు ఎట్ల వేస్తరు? మీరు చదువుకున్నోళ్ళేనా?"

ఆవిడ మొహంలో కోపం పోలేదు గానీ పెదవి ఒక పక్కకు కదిలింది. "నేను పేర్చినవి కూడా కోట్లేనయ్యా. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేది. దాని ఒడ్డున ఇసుక పొర మీద పొర పడి, బరువుకు గట్టిపడి రాయైంది. ఒక్కో పొరకు ఎన్ని వేల ఏళ్ళు పట్టిందో. ఎంతో కాలం తర్వాత నది వచ్చి దాన్ని కోసి, లోపలి కోట్లు మనకు చూపించింది. నువ్వు రెండు రోజుల్లో అవన్నీ కలిపేశావు." తర్వాత ఇంకో మాట అన్నారు. "ఆ ఎరుపు ఏంటనుకున్నావు? ఇనుము తుప్పు. గ్రిల్సుకు వేస్తారే రెడాక్సైడు, అదే సరుకు. రాయి తనంతట తాను వేసుకున్న రంగు మీద నువ్వు డబ్బా రంగు పూశావు."

సముద్రం, వేల ఏళ్ళు నాకు అందలేదు. రెడాక్సైడు అందింది. ఇరవై ఏళ్ళుగా డబ్బాలకొద్దీ పూస్తున్నాను, అది ఎక్కడి నుంచి వస్తుందో ఒక్కరోజూ అడగలేదు. "ఇప్పుడేం చేయాలె?" అన్నాను.

"పాడు చేసినవాడివి నువ్వే కదా. బాగు చెయ్యి. పక్కన నేనూ కూర్చుంటాను. బడి ఎందుకు మానేశావు?"

"భూగోళం సారు కొట్టిండు. భూమి గుండ్రంగుంటే బోర్లపడ్డోడు ఎటు దొర్లుతడని అడిగిన."

"మంచి ప్రశ్నే. కొట్టకుండా ఉండాల్సింది" అన్నారు. నా ప్రశ్నను మంచిదని అన్న మొదటి మనిషి ఆవిడ. అప్పుడు జోకు వేసి తప్పించుకుని, ఇంటికి వెళ్ళాక చాలాసేపు ఆ మాటే అనుకున్నాను.

ఆదివారాలు చర్చి అయ్యాక ఆవిడ నేరుగా బడికి వచ్చేవారు. నేను రిమూవరు, టర్పెంటైను, వైరు బ్రష్షులు పట్టుకుని వెళ్ళేవాణ్ణి. మొదటి రాయి మీద వైరు బ్రష్షు పెట్టి బరబరా గీశాను. పెయింటుతోపాటు రాయి కూడా పొడిగా రాలింది. ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపేశారు. "ఆపు, రాయి అరుస్తోంది" అన్నారు. ఆ తర్వాత పళ్ళు తోముకునే బ్రష్షులే. ఒక్కో రాయికి ఒక పూట. గరుకు రాయి ఎనామిల్‌ను ఎంత లోపలికి పీల్చుకుంటుందో అప్పుడు తెలిసింది. రంగు ఊడితే అడుగున ఒక రాయి మీద సన్నటి అలల గీతలు బయటపడ్డాయి, వాకిట్లో నీళ్ళు చల్లాక ఇసుక మీద ఉండే గీతల్లాగా. ఆ అల ఎప్పుడు వచ్చి వెళ్ళిందో, ఆ రోజు చూడటానికి మనిషి అన్నవాడే లేడని టీచరు చెప్పారు. నేను దాని మీద తెల్లరంగు రెండు కోట్లు వేశాను. రెండు!

అంకెలు కూడా పెయింటుతోపాటే పోయాయి. నోటుబుక్కు మాత్రం ఉంది. ఆవిడ వర్ణన చదువుతుంటే నేను దానికి సరిపోయే రాయి వెతికేవాణ్ణి. ఈ మధ్యలోనే ఒకరోజు ఆవిడ కరస్పాండెంటు దగ్గరికి వెళ్ళి, పిల్లలకు జరిగింది చెప్పాలి, మీరూ యాదగిరీ ప్రార్థనలో మాట్లాడండి అని అడిగారు. ఆయన ఎగిరి పడ్డాడు. "నేను మైకులో తప్పైందని చెప్పాలా? ఇన్‌స్టిట్యూషన్ పరువేం కావాలి టీచర్?" ఇన్‌స్టిట్యూషన్ పరువు ఆయన కుర్చీలో ఉంది, నా పరువు నిచ్చెన మీద ఉంది, అందుకని నేనే మాట్లాడాను. "పిల్లలూ, మీ రాళ్ళకు రంగేసింది నేనే. ఎవ్వరినీ అడగలేదు. అడిగితే టీచరమ్మ చెప్పేది. మీరు గిట్ల చేయకుండ్రి" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. తప్పు ఒప్పుకుంటే చప్పట్లు కొడతారని అప్పటిదాకా నాకు తెలియదు. కరస్పాండెంటు తన గది కిటికీ రెక్క వేసుకున్నాడు.

చివరికి తొమ్మిది రాళ్ళు తేలలేదు. అన్నీ దాదాపు ఒకటే ఎరుపు. దసరా సెలవుల్లో ఆవిడ, "వీటి సంగతి అక్కడే తేలాలి. వస్తావా?" అన్నారు. తొమ్మిదింటి నుంచీ ఒక్కో పెచ్చు తీసుకుని, అంకెలేసిన గుడ్డముక్కల్లో మూటగట్టి బయలుదేరాం. రైల్లో ముద్దనూరు, అక్కడి నుంచి బస్సులో జమ్మలమడుగు, తర్వాత ఆటో. దారి పొడుగునా మన వంటింటి అరలకు వేసే నల్లబండలనే చేలగట్లకు కంచెగా నిలబెట్టారు. చెట్టు తక్కువ, ఎండ ఎక్కువ. కోటలో ఊరు దాటి, పడిపోయిన బండల మధ్య నుంచి దూరి ముందుకు వెళ్ళాను. ఉన్నట్టుండి కాళ్ళ ముందు నేల లేదు.

ఎన్నో గోడలకు రంగు వేసినవాణ్ణి, అలాంటి గోడ ఎప్పుడూ చూడలేదు. ఎదురుగా నిట్టనిలువు కొండ, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పడుగు కట్టినట్టు పొరలు. ఒకటి కాల్చిన ఇటుక రంగు. దానిపైన ఎండిన చింతపండు. ఆపైన పసుపులో సున్నం కలిపిన పారాణి. మధ్య మధ్య పలచగా కందగడ్డ కోస్తే లోపల ఉండే రంగు. నిలువు పగుళ్ళు వచ్చి, పెద్ద పెద్ద పెట్టెలు ఎవరో పేర్చి వదిలేసినట్టున్నాయి. ఎంతో లోతున పెన్న, తాడు ముక్కలాగ, ఆకుపచ్చగా. ఇంత గోడనూ కోసింది ఆ తాడుముక్కేనంటే నవ్వొచ్చింది. మబ్బు నీడ పడితే ఆ ఎరుపంతా ఒక్కసారి నల్లబడి, మళ్ళీ ఎండ తగలగానే కుంపటి ఊదినట్టు వెలిగింది. టీచరు నా మొహం చూసి, "అమ్మయ్య, నువ్వు నోరు మూసుకోవడం కూడా చూశాను" అన్నారు.

ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. బండ మీద గొడుగేసుకుని, నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పశువులు దిగే బాటలో నేను మెల్లగా కిందికి దిగాను. ఒక్కో పొర దగ్గర ఆగి, మూటలో పెచ్చు తీసి గోడకు ఆనించి, పైకి అరిచేవాణ్ణి.

"ఇది గులాబీ అని రాసిన్రు గానీ గులాబీ కాదు టీచరమ్మా! చింతపండే!"

"కొత్తదా, పాతదా?" పైనుంచి ప్రశ్న వచ్చింది.

"పోయినేటిది!"

"రాస్తున్నాను!" నిజంగానే రాశారు. తర్వాత చూపించారు. పెద్ద చదువు చదివిన ఆవిడ తన మాట కొట్టేసి, పక్కన "పోయినేటి చింతపండు — యాదగిరి" అని రాసి పెట్టారు. నా పేరు ఒక పుస్తకంలో, తిట్టకుండా, ఎర్ర సిరా లేకుండా.

ఎనిమిది పెచ్చులకు చోటు దొరికింది. తొమ్మిదోది ఎక్కడా సరిపోలేదు, నోటుబుక్కులో ఇరవై ఏడో అంకె ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నమైంది, బండ మీద అరచేయి పెడితే కాలుతోంది, సీసాలో నీళ్ళయిపోయాయి. నాకు పైకి పోవాలనుంది. "దొరికింది! ఇరవై ఏడు! సరిపోయింది!" అని అరిచాను.

పైన గొడుగు అంచు కిందికి వంగింది. తర్వాత, "నిజంగా?"

అంత దూరం నుంచి నా మొహం ఆవిడకు కనపడదు. అయినా నేను తల దించుకున్నాను. "కాదు టీచరమ్మా. దగ్గరగుంది గానీ అది కాదు."

పైకి వచ్చాక వాదించాను. "మిగిలింది ఒక్కటే రాయి, ఖాళీ ఉన్నది ఒక్కటే జాగ. ఇంకెక్కడ పెడతరు?" ఆవిడ నాకు సంచిలోంచి నారింజకాయ ఒలిచి ఇస్తూ, "మిగిలిపోయింది కాబట్టి అదే అయి ఉంటుందా? నువ్వు ఆ రోజు తోటలో ఉన్న వేరే రాయి దేనికో రంగేసి ఇందులో కలిపావేమో. అసలుది ఏ తొట్టి కింద పడి పోయిందో. మనకు తెలియదు. తెలియదని చోటు వదిలేద్దాం" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఇంత ఎండలో ఇంత దిగింది ఖాళీ చోటు కోసమా అనిపించింది. రైల్లో సగం దారి వచ్చాక అర్థమైంది. నేను పైకి అరిచిన అబద్ధాన్ని ఆవిడ తీసుకుని ఉంటే, మిగతా నలభై రెండు కూడా ఎవరూ నమ్మక్కర్లేదు.

గోడ మళ్ళీ లేచింది. ఇరవై ఏడో చోట అరచేయంత ఖాళీ. పిల్లలు ఆ ఖాళీ గురించే ఎక్కువ ప్రశ్నలు అడిగేవారట, ఆవిడకు అది భలే సంతోషం. మరుసటి ఏడాది ఆవిడ పదవీ విరమణ. సన్మానానికి నన్నూ పిలిచారు. కరస్పాండెంటు శాలువా కప్పి, మైకు ముందు, "మన తోటకు అందమైన డెకరేషన్ రాళ్ళు తెచ్చిన వినోదిని టీచర్" అన్నాడు. ఆవిడ మైకు అందుకుని, "కరస్పాండెంటుగారూ, అడుగున ఉన్న రాయి ఏదో చెప్పగలరా?" అని అడిగారు. ఆయన పళ్ళికిలించాడు. రెండో తరగతి పిల్ల ఒకతి ముందు వరసలోంచి, "మౌలాలి రాయి సార్!" అని అరిచింది. హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఆ వేసవిలోనే అది జరిగింది. బడి బస్సులు నిలపడానికి ఆవరణలో సిమెంటు వేస్తున్నారని, గేటుకు రంగు వేయాలని నన్ను పిలిచారు. వెళ్ళేసరికి గట్టు లేదు. కంకర కింద నింపడానికి రాళ్ళన్నిటినీ సమ్మెటతో పగలగొట్టి పోసి, పైన సిమెంటు పరిచి, కట్టలు కట్టి నీళ్ళు నిలిపారు. ఒక మూల సిమెంటులోంచి ఎర్రటి అంచు ఒకటి బయటికి వచ్చి ఉంది. పోయినేటి చింతపండు. కరస్పాండెంటు గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్ళాను.

"సార్, గా రాళ్ళు ఏంజేసిన్రు?"

"రాళ్ళే కదా యాదగిరీ. ఎక్కడికీ పోలేదు, కిందే ఉన్నాయి. స్ట్రాంగ్‌గా ఉంటుంది ఫ్లోరు."

"ఒక్కమాట చెప్తే ఆటోల వేస్కొని పోదును గదా! టీచరమ్మ ఇల్లు మూడు కిలోమీటర్లు!"

"ఓ పెయింటర్‌వి, నీకెందుకయ్యా తక్లీఫ్? గేటు సంగతి చూడు."

నేనైతే తెలియక చేశాను. ఈయనకు ఆవిడ చెప్పారు, పిల్లలు చెప్పారు, నేను మైకులో చెప్పాను. అంతా విని కూడా సమ్మెట ఇప్పించాడు. గేటుకు రంగు వేయలేదు, ఆ బడికి మళ్ళీ పని చేయలేదు.

టీచరుకు నేనే వెళ్ళి చెప్పాను. ఏడుస్తారనుకున్నాను. ఆవిడ నోటుబుక్కు అట్ట మీద చేయి వేసి, "సమ్మెటతోనా?" అని ఒక్కమాట అడిగారు. తర్వాత చెప్పులు వేసుకుని, "పద" అన్నారు. కరస్పాండెంటు ముందు నిలబడి ఆవిడ రాళ్ళు అడగలేదు, క్షమాపణ అడగలేదు. ఒక బోర్డు పెట్టమన్నారు, అంతే. కింద ఏముందో అక్కడ నిలబడేవాళ్ళకు తెలియాలి. ఆయన బతికిపోయానన్నట్టు, "అలాగే టీచర్, రాయించి తీసుకురండి" అన్నాడు. రేకు నాది, రంగు నాది, అక్షరాలు నావి, మాటలు ఆవిడవి. నాలుగే వాక్యాలు. "ఈ సిమెంటు కింద గండికోట రాళ్ళు ఉన్నాయి. కింది పొర నుంచి పై పొర దాకా వరసగా పేర్చినవి. మొదట ఒక పెయింటరు తెలియక వీటికి రంగు వేశాడు. తర్వాత ఈ బడి తెలిసి వీటిని పగలగొట్టి పూడ్చింది."

ఆయన చదివి, చివరి వాక్యం తీసేస్తే పెట్టిస్తానన్నాడు. "అయితే మూడోది కూడా తీసేయాలి. యాదగిరి తప్పు ఒక్కటే గోడకెక్కడం న్యాయం కాదు. రెండూ తీసేస్తే రాళ్ళు వాటంతటవే నేలలోకి దిగాయనుకుంటారు పిల్లలు" అని టీచరు బోర్డు నా చేతికిచ్చి బయటికి వచ్చేశారు. ఆ తర్వాత ప్రతి జూన్‌లో, బడి తెరిచే వారం, ఆవిడా నేనూ బోర్డు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఆవిడ మర్యాదగా అడిగేవారు, ఆయన మర్యాదగా వద్దనేవాడు. ఆవిడ చనిపోయిన ఏడు కూడా వెళ్ళాను, ఒక్కణ్ణే.

ఇప్పుడా కుర్చీలో ఆయన కొడుకు కూర్చుంటున్నాడు. మంచివాడే, లేచి నిలబడి కుర్చీ వేస్తాడు. ఈ జూన్‌లో వెళితే, "అంకుల్, ఎన్నేళ్ళు తిరుగుతారు? ఆ లాస్ట్ లైన్ ఒక్కటి తీసేయండి, ఇప్పుడే మేకులు కొట్టిస్తా" అన్నాడు.

"మా టీచరమ్మ ఒప్పుకోదు బిడ్డా."

"ఆవిడ లేరు కదా అంకుల్."

"గందుకే. ఉంటే అడిగి ఒప్పిస్తుంటి. ఇప్పుడు ఎవర్ని అడగాలె?"

అతను చాయ్ తెప్పించాడు. తాగి, బోర్డు చంకలో పెట్టుకుని వచ్చేశాను. అక్షరాలు రెండుసార్లు దిద్దాను గానీ ఒక్క మాటా మార్చలేదు. మల్కాజ్‌గిరి బస్సులో పక్క సీటాయన దాన్ని తల వంచి మొత్తం చదివాడు. "తెలిసి పూడ్చిన్రా? గిట్ల సుత చేస్తరా మనుషులు! ఏ బడి అన్నా?" అని గట్టిగానే అడిగాడు. బడి పేరు చెప్పాను. కోపంగా నాలుగు మాటలని, "ఇంతకూ ఏముండె ఆ గోడల?" అన్నాడు. అడుగు నుంచి మొదలుపెట్టాను, మౌలాలి రాయి, దానిపైన కాల్చిన ఇటుక రంగుది, దానిపైన అలల గీతలది. ఆయన మెట్టుగూడలో దిగాల్సినవాడు. మెట్టుగూడ దాటిపోయింది, మేమింకా పంతొమ్మిదో రాయి దగ్గరే ఉన్నాం.